సున్నం పూసిన లొట్టి

కొత్తూరు ఇండస్ట్రియల్ ఏరియాల
మా షెడ్డు చివర ఫర్నేసు.
దాని నోటి ముందు ట్రాలీ మీద
పద్నాలుగు టన్నుల వెస్సలు,
పడుకున్న బర్రె లెక్క.
రేపో మాపో ఏదో మందుల కంపెనీల నిలబడి
ఆవిరిని బిగబట్టాల్సిన పొట్ట.

అతుకులన్నీ జాంగీరువే.
పదకొండు రోజులు రాడ్లు కాల్చిండు.
పైకి సాపుగనే కనబడతయి గని
ఒక్కొక్క అతుకుల ఇంకా బిగిసిన పిడికిలున్నది.
ఆరువందల ఇరవై దాక తీసుకపోయి
రెండు గంటలు కదలకుండ కూసోబెడితెనే
అది వేళ్ళు ఇడుస్తది.

గని వేడికి తలుపు తీస్తె
దాని ఎంబడి గాలి గూడ వస్తది.

పోయిన వానకాలం
ఏం పుయ్యకుండనే ఒకదాన్ని కాల్చినం.
చేయి పెడితె
మాడిన రొట్టె తీర్గ పెచ్చులు రాలినయి.
ఇన్‌స్పెక్టరు సారు తెల్ల దస్తీతోని లోపట తుడిచి
ఒక్క మాటనకుండ
ఆ దస్తీని నా చేతుల పెట్టిండు.
మూడు రోజులు జాంగీరు లోపట్నే, గ్రైండరుతోని.
గీకినకొద్ది రేకు పలచన.
అర మిల్లీమీటరు పోయింది.
పోయింది పోయిందే,
దాన్ని మళ్ళ ఎవ్వడు తెచ్చి అతికిస్తడు?

ఈసారి మొగులమ్మను పిలిచినం.
వాళ్ళ మామ తాళ్ళెక్కేటోడు.
నీరకు కట్టే లొట్టికి లోపట సున్నం పూసుడు
పెండ్లయిన నాటి నుంచి ఆమె పనే.

"ఎందుకు పూస్తరో ఎర్కేనా సారూ"
మ్యాన్‌హోల్‌ల నడుముదాక దిగి అడిగింది.
"గాలికి నోరుంటది.
తియ్యగున్నదాన్ని చూస్తె పులియబెడతది.
సున్నముంటె
తెల్లారేదాక ఆగుతది, గంతే."

మా డబ్బాలది సున్నం కాదు.
ఖరీదైన పూత, ముక్కుకు పట్టేసే వాసన.
అయినా ఆమె బ్రష్షు లొట్టిల నడిచినట్టే నడిచింది.
ముందుగాల నూనె మరకలన్ని తుడిచింది,
జిడ్డు మీద తెలుపు నిలవదట.
అతుకుల మీద రెండు సార్లు పూసింది,
ఎవ్వరు చెప్పకున్నా.

తొమ్మిది వాకిళ్ళ ఒళ్ళంటరు తత్వాలు పాడేటోళ్ళు.
దీనికీ లెక్కగ తొమ్మిదే నాజిళ్ళు.
ఏడింటికి మూతలు బిగిచ్చినం.
ఒకదాన్ల కెళ్ళి నైట్రోజన్ సన్నగ లోపటికి,
ఇంకోదాన్ల కెళ్ళి పాత గాలి బయటికి.
ఆ గాలి ఇనుమును కాపాడుతది,
మనిషిని మాత్రం కనబడకుండ పండబెడతది.
అందుకే పైపు పెట్టకముందు
జాంగీరు మమ్ములనందర్ని నిలబెట్టి లెక్కబెట్టిండు.
ఎర్ర చాకుతోని మూత మీద రాసిండు:
లోపట ఎవ్వరు లేరు.

రాత్రి.
చార్టు మీద పెన్ను
గుట్ట ఎక్కుతున్న మేక లెక్క
ఆగుకుంట, ఆగుకుంట.
మీటరుల ఆక్సిజన్ సున్న కాడ పడుకున్నది.
ఒక సిలిండరు అయిపోవస్తె
ఇంకోటి తగిలిచ్చేదాక
నా ఊపిరే బిగబట్టిన.

మూడున్నరకు సేఠు ఫోను.
లారీ టోల్‌గేటు కాడికి వచ్చిందట,
తలుపు తియ్యమంటడు.
నాలుగువందల ఎనభై ఉన్నది సేఠూ, అన్న.
"బయటేస్తె జల్ది సల్లారదా?"
సల్లారుతది.
గాలి మీలెక్క ఫోను చేసి రాదు సేఠూ,
తీసినమంటె వచ్చేస్తది.
అటుదిక్కు నుంచి చాలాసేపు ఏం మాట లేదు.
లారీ వెయిటింగు నా జీతంల కోస్తనన్నడు.
కొయ్యిండ్రి అన్న.
(కోసిండు గూడ. ఎనిమిది వందలు.)

మర్నాడు దీపాలు పెట్టే యాళ్ళకు
నూటపది.
తలుపు తీసినం, నైట్రోజన్ ఆపినం,
మంచి గాలి ఆడిచ్చినం, మీటరు చూసినం,
పెద్ద ఫ్యాను రెండు గంటలు తిప్పినం.
అప్పుడే మూత విప్పినం.

పూత పిండి లెక్క రాలింది.
కింద ఇనుము, పోయినప్పుడెట్లున్నదో
అట్లనే, బూడిద రంగుల, నిద్ర లేసినట్టు.

సారు దస్తీ తీసిండు. తుడిచిండు.
మడిచి జేబుల పెట్టుకున్నడు.

మొగులమ్మ దగ్గరికొచ్చి
ఏలు ముడిసి మెల్లగ కొట్టింది,
కుండను కొన్నట్టు,
చెవి పెట్టి ఇన్నది.

"పులవలే" అన్నది.
కొంగుకంటిన తెలుపు దులుపుకుంట
షాద్‌నగర్ బస్సుకు ఉరికింది.